దాచుకున్న పరుగు

సంచి సర్దేటప్పుడు అమ్మ ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. మాటల్లో పడితే ఏదో ఒకటి మర్చిపోతామని పైకి చెప్పేది. అసలు సంగతి నాకు తెలుసు. వెళ్ళేవాడి గొంతు వింటే సర్దినవన్నీ మళ్ళీ బయటికి తీసేసేది.

ఆ జూలైలో మా తమ్ముడు లియాండర్ మూడో ఏడు శిబిరానికి వెళ్తున్నాడు. ఉత్తరాదిన, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటాడే ఒక పెద్ద ఫుట్‌బాల్ జట్టు వాడికి జీతమిచ్చి ఆడించుకుంటోంది. జీతమంటే ఏళ్ళ తరబడి వచ్చేది కాదు. ప్రతి వేసవీ శిబిరానికి పిలుస్తారు, అక్కడ నిలబడినవాడికే ఆ ఏడు చోటు. వాడు రెండుసార్లు నిలబడ్డాడు.

"అమ్మా, అక్కడ కూడా సబ్బులు అమ్ముతారే."

"అమ్మితే అమ్మనీ. నోరు మూసుకుని ఆ చొక్కా ఇటివ్వు."

"ఇదేంటి, కర్పూరం నూనెనా? గదిలో ముగ్గురం పడుకుంటాం. ఈ వాసనకి మిగతా ఇద్దరూ పారిపోతారు."

"పారిపోతే మంచిదేగా," అన్నాను నేను. "నీ చోటుకి పోటీ ఉండదు."

వాడు పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. సీసా మూత మళ్ళీ ఒకసారి బిగించి, గుడ్డ చుట్టి, చొక్కాల మధ్యన పెట్టింది.

బస్సు దగ్గర వాడు కిటికీలోంచి చెయ్యి ఊపుతుండగానే ఆమె వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. వెళ్ళేవాళ్ళని కనుమరుగయ్యేదాకా చూడకూడదని మావాళ్ళ నమ్మకం. 1928 తుఫానులో ఊరి పక్క సరస్సు గట్టు తెంచుకుని ఊరి మీద పడ్డప్పుడు ఆమె చిన్నపిల్ల. తండ్రినీ ఇద్దరన్నల్నీ నీళ్ళు పట్టుకుపోతుంటే చెట్టుకొమ్మ మీది నుంచి కనబడినంతసేపూ చూసిందట. ఆమెతోపాటు ఆ కొమ్మ మీద మిగిలింది ఆమె తమ్ముడు, మా హోసియా మావయ్య ఒక్కడే. అప్పటినుంచి అమ్మ ఎవరినీ చివరిదాకా చూసి ఎరగదు. నా మొగుడు ఆపిల్ కోతలకని ఉత్తరాదికి లారీ ఎక్కినప్పుడు నేను మాత్రం గట్టు మీద నిలబడి చూశాను. అతను రాలేదు. చూసినందుకే రాలేదో, రానివాడు కాబట్టే చూడాలనిపించిందో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

మా ఊళ్ళో పిల్లలు పరుగు నేర్చుకునేది బడిలో కాదు, మంటల పక్కన. చెరకు కోసేముందు ఆకంతా తగలబెడతారు. చేనుకి మూడు వైపులా నిప్పంటిస్తే లోపలున్న కుందేళ్ళు నాలుగోవైపుకి దూసుకొస్తాయి. అక్కడ పిల్లలు కాచుకుని ఉంటారు. కర్ర పట్టుకున్నవాడిని చేతగానివాడంటారు. ఒట్టి చేతులతో పట్టాలి. కుందేలు ఎటు మళ్ళుతుందో ముందు దాని భుజం చెబుతుందని, కళ్ళు చూస్తే మోసపోతామని లియాండర్ అనేవాడు. పెద్దయ్యాక కాలేజీలో వాడిని ఇద్దరు మాస్టార్లు పంచుకున్నారు. వసంతకాలమంతా పరుగుపందాల మాస్టారిది, చలి మొదలైతే ఫుట్‌బాల్ మాస్టారిది. జట్టు పరుగులో ఆఖరి వంతు ఎప్పుడూ వాడిదే. తర్వాత పెద్ద జట్టు వాడిని తీసుకుంది కూడా ఆ కాళ్ళని చూసే. అవతలివాళ్ళు బంతిని తన్నినప్పుడు మైదానం చివర ఒంటరిగా నిలబడి దాన్ని చేతుల్లో అందుకోవాలి. పదకొండుమంది మీదపడి కూల్చేలోపు ఎంత దూరం పరిగెడితే అంత. అదీ వాడి ఉద్యోగం.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిక్కుళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో పనిచేస్తూ, పెట్టెల మీది అక్షరాలు చూసి చూసి చదవడం పట్టుబడింది. వాడి పేరు కోసం పేపరు చూడ్డం మొదలుపెట్టాక వేగం వచ్చింది. ఆ ఏడు చెరకు కోత మొదలయ్యేవేళకి వాడి పేరు పేపర్లో కనబడ్డం మానేసింది. నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ వెతికేదాన్ని. నాకే చదవడం సరిగా రాదేమోనని రెండోసారి వెతికేదాన్ని.

నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం వాడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆరేసిన దుప్పట్ల మీద పొలాల మసి రేకులు రేకులుగా రాలుతోంది, నేను గబగబా తీస్తున్నాను.

"ఒక చెయ్యెయ్యమంటావా అక్కా?"

దుప్పటి పక్కకి నెట్టి చూశాను. "ఒరే! సీజను మధ్యలో ఉన్నారు కదరా!"

"కాలు పట్టేసింది. విశ్రాంతి తీసుకోమని పంపారు."

అమ్మ నమ్మింది. నమ్మినట్టే కనబడింది. సంచి విప్పి బట్టలు ఉతుకులో వెయ్యమని నాకు చెప్పి, వాడికి చేప వేయించడానికి వెళ్ళింది. సంచి జూలైలో కంటే బరువుగా ఉంది. అడుగున మైదానంలో వేసుకునే మేకుల బూట్లు రెండు జతలూ ఉన్నాయి, వాటి మట్టి ఎండిపోయి ఉంది. మళ్ళీ వెళ్ళేవాడు బూట్లు మోసుకొస్తాడా అనుకున్నాను. ఒక మేజోడు ఉండలా చుట్టి ఉంది. విప్పితే తెల్లటి అంటుపట్టీ ముక్క. దాని మీద నల్లసిరాతో 'మేబ్రీ' అని మా ఇంటిపేరు.

ఆ పట్టీ సంగతి వాడే మొదటి ఏడు చెప్పాడు. బట్టలు మార్చుకునే గదిలో ఒక్కొక్కరి అర మీదా పేరు రాసిన పట్టీ అంటిస్తారట. అది ఉన్నంతకాలం ఉద్యోగం ఉన్నట్టు. పొద్దున వచ్చేసరికి పట్టీ లేకపోతే, ఎవరితోనూ మాట్లాడకుండా ఆఫీసు గదికి వెళ్ళాలి.

పట్టీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరు పీకారు దీన్ని?"

"నేనే. వాళ్ళు పీకేలోపు."

అక్టోబరులోనే తొడ వెనక నరం చిరిగిందట. నేల గడ్డకట్టి రాయిలా ఉన్న రోజు. చెబితే ఆ చోటు ఇంకొకడికి పోతుందని చెప్పకుండా, మేజోడు కింద గుడ్డ బిగించి కట్టుకుని ఆడాడు. వారం వారం వెనకబడ్డాడు.

"కుంటుతున్నానని పంపలేదక్కా," అన్నాడు. "వేగం లేదని పంపేశారు. నన్ను!"

అని నవ్వాడు. నాకు ఆ నవ్వు భరించరానిదయ్యింది. పట్టీ తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాను.

ఆ చలికాలమంతా మా ఇల్లు వాడి కాలు చుట్టూ తిరిగింది. అమ్మ పొద్దునా సాయంత్రం కర్పూరం నూనెతో తొడ మర్దనా చేసేది. నేను ఉప్పు వేసిన వేడినీళ్ళు కాచేదాన్ని. వీధిలో నడిచేటప్పుడు మాత్రం వాడు పెళ్ళికొడుకులా నడిచేవాడు. ఊరికంతా విశ్రాంతి అనే చెప్పాం. విశ్రాంతి తీసుకునేవాడు ఊరి కళ్ళముందు పరిగెత్తకుండా ఎన్నాళ్ళు ఉంటాడు?

హోసియా మావయ్య చెరకు కంపెనీలో చేలకి నిప్పంటించే ట్రాక్టరు నడిపేవాడు. మసికొట్టుకుని నేరుగా మా భోజనాల బల్ల దగ్గరికే వచ్చేవాడు.

"ఏం అల్లుడూ, జీతాలు తీసుకునేవాళ్ళు కుందేళ్ళ వెంట పడకూడదని రూలేమైనా ఉందా?"

"నా ఫీజు కుందేళ్ళు ఇచ్చుకోలేవు మావయ్యా."

"నిన్న మన చర్చి పెద్ద, ఆ డీకన్ మనవరాలు మూడు పట్టింది. ఆడపిల్ల! గౌను ఎత్తిపట్టుకుని మరీ. మీ లియాండర్ ముసలాడైపోయాడా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"వాడికి చలిదేశం తిండి తిని పొట్టొచ్చిందని చెప్పాను."

"నీ పొట్ట చూసుకుని మాట్లాడు," అంది అమ్మ, మావయ్య కంచంలో ఇంకో మొక్కజొన్న రొట్టె పడేస్తూ.

జనవరిలో మంచు పడింది. పుట్టి బుద్ధెరిగాక మా వైపు మంచు పడిందని ఎవరూ వినలేదు. ఆకాశం నుంచి రాలేది నల్లగా ఉండడానికి అలవాటుపడ్డవాళ్ళం, ఆ పొద్దున తెల్లగా రాలుతుంటే గుమ్మాల్లో నిలబడిపోయాం. అమ్మ అరచేతిలో పట్టి చూసి, "ఇది మనది కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది. చిక్కుడు తోటలన్నీ ఒక్కరోజులో మాడిపోయాయి. షెడ్డు మూసేశారు. నా పని పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా, అందరి చూపులూ ఆ ఒక్క కాలి మీదే నిలిచాయి.

ఫిబ్రవరి చివర్లో కాలేజీ పరుగు మాస్టారు ఫోను చేశాడు. టెక్సాస్ జట్టు మనిషొకాయన మా జిల్లా మీదుగా వెళ్తున్నాడు, లియాండర్ పరుగు ఒక్కసారి చూస్తాడట. బాగుంటే మార్చి నెలాఖరుకల్లా అక్కడికి రమ్మంటాడు.

ఆ సాయంత్రం వాడు కాలువగట్టు మీద మెల్లగా నడుస్తుంటే నేనూ వెంట నడిచాను.

"నిజం చెప్పు. ఎలా ఉంది?"

"ఒక్క పరుగుంది."

"అంటే?"

"ఎలా చెప్పను... లోపల తెలుస్తుందక్కా. ఒక్కసారి పూర్తిగా పరుగు వదిలితే కాలు ఓర్చుకుంటుంది. రెండోసారికి ఓర్చుకోదు. ఆ ఒక్కటీ దాచుకుంటున్నా. అక్కడికెళ్ళినా వేసవి శిబిరం దాకా మళ్ళీ పూర్తిగా వదలక్కర్లేదు. ఈలోపు అతుక్కుంటుంది."

"అతుక్కుంటుందా?"

"అక్కా, నువ్వు అలా అడిగితే ఉన్న ఒక్కటీ పోతుంది."

ఆ పది పన్నెండు రోజులూ వాడు ఇంట్లో గాజుసామాను మోసేవాడిలా తిరిగాడు. గడప దాటేటప్పుడు కూడా ఆలోచించి అడుగేశాడు. నేను మెట్ల మీద నీళ్ళు పడితే పరుగెత్తుకెళ్ళి తుడిచేదాన్ని. ఆదివారం చర్చిలో అందరూ లేచి పాడుతూ కాళ్ళు తాళం వేస్తుంటే వాడొక్కడే కదలకుండా నిలబడ్డాడు.

టెక్సాస్ ఆయన పేరు ప్రూయిట్. మార్చిలో ఒక ఎండ పొద్దున వచ్చాడు. వెడల్పాటి టోపీ, మెడలో పరుగు కొలిచే గడియారం, మర్యాదస్తుడు. నన్ను చూసి టోపీ తీశాడు. మా బడి మైదానం చెరకు చేనుని ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక మట్టిబాట. గాలి అనుకూలంగా ఉందని కంపెనీవాళ్ళు ఆ రోజే ఆ చేను అంటించారు. అవతల పొగలో మావయ్య ట్రాక్టరు కనబడి మాయమవుతోంది. బాట పొడుగునా పిల్లలు వంగి కాచుకుని ఉన్నారు.

"ఏంటిది?" అని అడిగాడు ప్రూయిట్.

"రాత్రి భోజనం అండీ," అన్నాడు లియాండర్.

ఆయన నవ్వాడు. వాడు అప్పటికి గంటసేపు ఒళ్ళు వేడెక్కించుకున్నాడు. మైదానం అంచున ఆయన గీత గీసి, అవతలి చివర గుర్తుగా తన టోపీ పెట్టడానికి బయల్దేరాడు. వాడు ఆయన పక్కనే నడుస్తున్నాడు, చేతులు విదిలించుకుంటూ. నేను తువ్వాలు, నీళ్ళ సీసా పట్టుకుని నాలుగడుగులు వెనక. మంట పెరిగి చేనంతా వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తోంది.

వాడి కాళ్ళకి రెండు బారల దూరంలో కుందేలు లేచింది.

వాడు ప్రూయిట్‌తో ఏదో మాట చెబుతూ ఉన్నాడు. ఆ మాట సగంలో ఆగింది. తర్వాత నాకు కనబడింది వాడి వీపు. చిన్నప్పటినుంచీ చూసిన వీపే. కుందేలు ఎడమకి మళ్ళేలోపే వాడు ఎడమకి మళ్ళాడు. అది తిరిగి కుడికి కోసింది, వాడు కుడికి వాలాడు, చెయ్యి దాదాపు నేలకి ఆనింది. పిల్లలంతా ఒక్కసారి గోల పెట్టారు. పొగ అడ్డం వచ్చింది. పొగలో వాడు లేడు, కుందేలు లేదు. అమ్మ నా పక్కన లేదని మాత్రం అప్పుడు నేను సంతోషించాను.

పొగ తొలిగాక వాడు బాట చివర నిలబడి ఉన్నాడు. వెనక్కాళ్ళు పట్టుకున్న కుందేలు చేతిలో వేలాడుతోంది. మొహం పదేళ్ళవాడి మొహం. అలా రెండు క్షణాలు. తర్వాత ఆ మొహంలోంచి ఏదో దిగిపోయింది. వాడు మా వైపు నడిచి వచ్చాడు. ఎడమకాలి మడమ నేలకి ఆనడం లేదు.

ప్రూయిట్ గడియారం నొక్కలేదు. దాన్ని మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

"అబ్బాయ్, బూట్లు విప్పేసుకో," అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటిది చూడలేదు. ఇంక చూడాల్సిందేం లేదు."

"ఒకసారి తిన్నగా కూడా..." అన్నాడు లియాండర్.

"అక్కర్లేదు. కుందేలు తిన్నగా పరిగెత్తదు. మా అవతలి జట్లవాళ్ళూ అంతే."

కారు ముందుభాగం మీద కాగితం పరిచి సంతకం చేయించుకున్నాడు. వాడు కారుకి ఆనుకుని సంతకం పెట్టాడు. ఆనుకోకపోతే పడిపోయేవాడని నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో పండగ. అమ్మ కుందేలు వేయించి, చిక్కటి పులుసు పోసింది. మావయ్య మసి కూడా కడుక్కోలేదు.

"నేను అంటించిన చేనురా అది! నా మంట లేకపోతే నీకు టెక్సాస్ ఎక్కడిది? ఆ డీకన్ ఇంటి ముందుకెళ్ళి అరిచొచ్చాను, మా అల్లుడి పొట్ట కరిగిందొహో అని."

"తిను మావయ్యా, తిను," అన్నాడు లియాండర్. వాడు ఎడమకాలు బల్ల కింద బారుగా చాపుకుని కూర్చున్నాడు. ముక్క ముట్టలేదు. ఆకుకూర మాత్రం కలుపుకున్నాడు.

చీకటిపడే ముందు పెరటి మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"చెప్పేద్దాంరా. ఆయన ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు."

"ఏమని? ఉన్న ఒక్క పరుగూ కుందేలు పట్టుకుపోయిందనా?"

"నవ్వకు. ఒక్క పరుగు అన్నావు కదరా. ఎందుకు పరిగెత్తావు?"

వాడు నన్ను వింతగా చూశాడు. నేనేదో అర్థంలేని మాట అడిగినట్టు.

"నేను పరిగెత్తలేదక్కా. అది లేచింది. అంతే."

కాలు కింది మెట్టు మీదికి చాపుకుని, "ఆయన చూసింది అబద్ధం కాదుగా," అన్నాడు. "కళ్ళారా చూశాడు. నువ్వూ చూశావు."

"చూశాను."

"బాగుందా?"

"బాగుంది." నిజమే చెప్పాను. అంత బాగా వాడు ఎప్పుడూ పరిగెత్తలేదు.

"వద్దు, వెళ్ళకు," అన్నాను మళ్ళీ. "షెడ్డు తెరుస్తారు. మావయ్య కంపెనీలో పని చూస్తాడు. ఇక్కడే ఉండు."

"ఉంటే ఏటా నవంబరులో ఆ పొగ, ఆ పిల్లల పరుగు చూడాలి," అన్నాడు.

నెలాఖరున అమ్మ మళ్ళీ సంచి సర్దింది. ఈసారి చలిబట్టలు లేవు. ఎవరూ మాట్లాడలేదు. అంతా అయ్యాక, సంచి జిప్పు లాగుతూ ఆమె తల ఎత్తకుండా అంది: "బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి నాయనా. మంచి కాలు ముందు పెట్టు."

వాడు ఆమె వంక చూశాడు. ఆమె జిప్పు వంకే చూసింది. ఎప్పటినుంచి తెలుసో, మొదటినుంచీ తెలుసో, ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

బస్సు దగ్గర వాడు కుడికాలు ముందు పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కున్నాడు. వెనకున్న ముసలావిడ వాడి సంచి అందిస్తూ, "కానీ అబ్బాయ్, మేమూ ఎక్కాలి," అంది. "మీరు ముందు ఎక్కుంటే నేనింకా మర్యాదస్తుణ్ణయ్యేవాణ్ణి పిన్నిగారూ," అన్నాడు వాడు. లోపల ఎవరో నవ్వారు. తలుపు మూసుకుంది.

టెక్సాస్‌లో సంగతి డాక్టరు పరీక్ష దాకా కూడా రాలేదట. మొదటి పొద్దునే, మైదానం సగంలో కూర్చుండిపోయాడట. ఇది పరుగు మాస్టారు చెప్పాడు. వాడు మాత్రం ఫోనులో అంతా బాగుందన్నాడు. జూలైలోనూ బాగుందన్నాడు. ఆ తర్వాత కెనడా వచ్చానన్నాడు. ఆ తర్వాత ఏదో ఇనుము పోతపోసే ఊరి నుంచి చేశాడు, వెనక పెద్ద యంత్రాల చప్పుడు. "కోత మొదలైందా?" అని అడిగాడు. మొదలైందని చెప్పాను. ఈ చలికాలం వస్తానన్నాడు. ఏ చలికాలమైనా అదే మాట. కొన్నేళ్ళకి ఫోనూ ఆగిపోయింది. ఆ ఊరికి ఉత్తరం రాస్తే, అలాంటి మనిషి లేడని తిరిగొచ్చింది. పోయాడని కబురు రాలేదు. ఉన్నాడనీ రాలేదు.

అమ్మ 1989లో పోయింది. మావయ్య మరుసటేడు పోయాడు. చెరకు ఇప్పటికీ నవంబరులోనే తగలబెడుతున్నారు.

మా తమ్ముడు లియాండర్ మేబ్రీ 1977 మార్చి నెలాఖరున టెక్సాస్ బస్సెక్కాడు. మళ్ళీ ఈ ఊరు రాలేదు.